పగలగొట్టిన చోటే కట్టిన బండ

1999లో నాగారంలో మేం ఇల్లు మొదలుపెట్టినప్పుడు మా రెండు వందల గజాల జాగాలో ఈశాన్యం మూలన ఒక గుండు ఉండేది. పడుకున్న బర్రె అంత ఉంటుంది. ఈశాన్యంలో బరువు పనికిరాదన్నాడు వాస్తు చెప్పినాయన. వడ్డెర వాళ్లు ఇద్దరు వచ్చి పదకొండు రోజులు కొట్టారు. మొదటి రోజు కట్టెలు పేర్చి మంట పెట్టారు. బండ వేడెక్కి పైపొర లేచింది. తర్వాత వరసగా గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగేసి, సమ్మెటతో ఒక్కోదాన్నీ వంతులవారీగా కొట్టుకుంటూ పోయారు. చాలాసేపు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి గుడ్డ చిరిగినట్టు చప్పుడై రెండు ముక్కలైంది. ఆ రాయే మా పునాదిలో పడింది. రాయి కొనే డబ్బు మిగిలిందని సంతోషపడ్డాం కూడా.

పాతికేళ్లు తిరిగేసరికి అదే మూలన సిమెంటుతో బండ కట్టించాను. దాని మీంచి నీళ్లు దూకుతాయి, కింద చిన్న కొలను. "ఈశాన్యంలో నీళ్లంటే మంచిదే, మరి బరువు మాటేంటి?" అని మావారు అడిగితే మేస్త్రీ నవ్వాడు. "లోపటంత బోలే సార్. బరువెక్కడిది?"

నేను హైస్కూళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పాను. రిటైరయ్యాక ఒక కొలను కావాలనిపించింది. పెద్ద కారణమేం లేదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఎదురుగా ప్రహరీగోడ తప్ప ఏమీ కనబడేది కాదు. యూట్యూబ్ చూసి రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేను పిల్లలకి చెప్పిన పాఠాలన్నీ ఒక్కొక్కటిగా నాకే ఎదురొచ్చాయి.

మేస్త్రీ వడ్డెర కుటుంబంలోంచి వచ్చినవాడే. వాళ్ల నాన్న కీసర చుట్టుపక్కల బండలు కొట్టేవాడట. క్రషర్లు వచ్చాక ఆ పని పోయింది. "మా నాయన రాళ్లు పలగ్గొట్టె, నేను రాళ్లు చేస్తున్న టీచరమ్మా," అంటాడు. బాధగా అంటాడో గొప్పగా అంటాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడ్వాన్సు ఇవ్వబోతే వద్దన్నాడు. ముందు కీసరగుట్ట పోయి గుండ్లు చూసి రమ్మన్నాడు. దేవుణ్ని కాదు, గుండ్లని.

వెళ్లాను. అంతకుముందు యాభైసార్లు ఆ గుట్ట ఎక్కినదాన్నే. రామలింగేశ్వరుణ్ని చూశాను, మెట్ల పక్కన కోతుల్ని చూశాను, విష్ణుకుండినుల కాలం నాటి ఇటుక గోడల్ని చూశాను. బండల్ని మాత్రం చూడలేదు. ఆ రోజు నోట్సు పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఒక్కో గుండు మీదా ఉల్లిపాయ పొరల్లా లేచిన చెక్కలు కనిపించాయి. పక్కపక్కన ఉన్న నాలుగు బండల్లో పగుళ్లన్నీ ఒకే దిక్కుకి ఉన్నాయి. వాన నీళ్లు జారిన చోట నల్లటి చారలు, ఎండ తగిలే చోట గోధుమ రంగు, పొర కొత్తగా ఊడిన చోట లేత గులాబీ.

మన హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఉప్పల్ దారిలో 1961 నుంచి ఉన్న భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోయేదాన్ని, బడిలో ఆ లెక్క చెప్పేదాన్ని కూడా. బండలు దొర్లి దొర్లి గుండ్రంగా అయ్యాయనుకుంటారు చాలామంది. ఇవి ఎక్కడా దొర్లలేదు. భూమి లోపల గడ్డకట్టిన రాయి, పైనున్న బరువు కొట్టుకుపోయేకొద్దీ ఊపిరి పీల్చుకున్నట్టు వ్యాకోచించి అడ్డంగా, నిలువుగా పగిలింది. ఆ పగుళ్లలోకి నీరు దిగి మూలలు ముందు తినేసింది. మూలకి మూడు పక్కల నుంచి దాడి, అంచుకి రెండు పక్కల నుంచి, మధ్యకి ఒక్క పక్క నుంచే. అందుకే చతురస్రంగా మొదలైన దిమ్మె చివరికి గుండు అవుతుంది. మెత్తబడ్డ మట్టి వానలకి కొట్టుకుపోతే ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు మిగులుతాయి. మౌలాలి గుట్టని చూసినా, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు బండని చూసినా కథ ఇదే. ఈ బండల్ని కాపాడాలని నగరంలో 1996లో ఒక సంఘమే పుట్టింది. మేం మా గుండుని కొట్టించింది ఆ తర్వాత మూడేళ్లకి.

తిరిగొచ్చి నోట్సు చూపిస్తే మేస్త్రీ ఒక్కటే చెప్పాడు. "రాయికి వాటం ఉంటది. ఒక రాయి పగులు ఇటు, పక్క రాయి పగులు అటు పెడితే చూసేటోనికి ఏందో తప్పుందని తెలుస్తది, ఏం తప్పో తెల్వది." ఇప్పుడు ఫంక్షన్ హాళ్ల ముందు కడుతున్న జలపాతాలు చూడండి, బూందీ లడ్డూలు పేర్చినట్టుంటాయి. వాటం లేదు, అంతే.

పని గుంటతో మొదలైంది. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మధ్యలో రెండడుగుల లోతు. అంచులు వంకరటింకర కాబట్టి రెండు వేల లీటర్ల పైచిలుకు పడుతుంది. మా జాగాలో సగం గట్టి మొరం, సగం ఇల్లు కట్టినప్పుడు పోసిన మట్టి. పోసిన మట్టి ఎప్పటికైనా కుంగుతుంది. దాని మీద ఉత్త సిమెంటు తొట్టి కడితే చీలుతుంది. అందుకని గుంట అడుగున ఇసుక పరిచి, పొలాల్లో నీటి కుంటలకి వేసే 500 మైక్రాన్ల నల్ల షీటు వేశాం. దాని మీద కోళ్ల జాలీ, సన్నగా సిమెంటు పూత. నీళ్లాపేది షీటు, షీటుని ఎండ నుంచి కాపాడేది సిమెంటు. ప్రహరీకి ఆనించి మాత్రం కట్టనివ్వలేదు. అరడుగు సందు వదిలించాను. పక్కింటి వాళ్ల గోడ చెమ్మెక్కితే తరవాత మాటలుండవు.

బండ కట్టడం చూడాలి. ఎనిమిది ఎంఎం సలాకల్ని మోకాలితో వంచి పంజరం కట్టాడు. దానికి రెండు వరసల జాలీ చుట్టి బైండింగ్ వైరుతో బిగించాడు. అప్పటికది బండలా లేదు, సంక్రాంతికి ఎవరో సగం కట్టి వదిలేసిన కోళ్ల గూడులా ఉంది. ఒక పాలు సిమెంటు, రెండున్నర పాళ్లు ఇసుక గట్టిగా కలిపి జాలీలోకి అరచేత్తో నొక్కాడు. ఆ పొర మొత్తం అంగుళంన్నర మించదు. ఇసుక కూడా జల్లించి తెప్పించాడు, రోబో సాండ్ దీనికి అంటుకోదన్నాడు.

రెండో పూత వేసి గంటో గంటన్నరో ఆగాడు. వేలు పెడితే గుంట పడాలి, సిమెంటు వేలికి అంటుకోకూడదు. అదీ అదను. అప్పుడు తాపీ పక్కన పడేసి, ఖాళీ సిమెంటు సంచి ఉండచుట్టి అద్దడం మొదలుపెట్టాడు. తర్వాత జేబులోంచి నిమ్మకాయంత గ్రానైటు ముక్క తీశాడు. కీసర రాయి, వాళ్ల నాన్నదట. దాన్ని అక్కడక్కడా నొక్కి తిప్పుతుంటే సిమెంటు మీద పలుకులు లేచాయి. పగుళ్లు గీసేటప్పుడు మాత్రం లేచి వెనక్కి పోయి, కళ్లు చికిలించి, దిక్కు చూసుకుని మళ్లీ వచ్చి గీసేవాడు. గీసిన ప్రతిసారీ గీత ఒక పక్క కొంచెం చెదరగొట్టేవాడు. నిజం పగులు రెండంచులూ సమానంగా ఉండవు మరి.

ఇనుప తీగల మీద సిమెంటు పూసే ఈ విద్య తోటల్లోనే పుట్టిందని తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలి పూలకుండీలు ఊరికే పగిలిపోతున్నాయని సిమెంటులో ఇనుప జాలీ పెట్టి పోశాడు. 1867లో పేటెంటు తీసుకున్నాడు. మన స్లాబుల వంశవృక్షంలో ఆ కుండీలు పైకొమ్మన ఉంటాయి. అదే ఏడు ప్యారిస్‌లో బ్యూట్ షొమాన్ పార్కు తెరిచారు. జిప్సం తవ్వి తవ్వి వదిలేసిన పాత క్వారీ అది. ఆ గుంతల్లోనే సిమెంటుతో గుహ కట్టి, ఇరవై మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దూకించారు. రాయి తవ్వుకున్న చోటే రాయి బొమ్మ పెట్టడం మా ఇంట్లో మొదలైన తెలివి కాదన్నమాట. మన దేశంలో చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరు నేక్‌చంద్ 1957 నుంచి ఎవరికీ తెలియకుండా కట్టుకుంటూ పోయిన రాక్ గార్డెన్‌ని 1976లో జనానికి తెరిచారు. అందులోనూ జలపాతాలున్నాయి. ఆయన వాడింది జనం పారేసిన చెత్తని. ఆ లెక్కన ఆయన పని మనందరి కంటే మేలు.

ఇక పంపు. రాణిగంజ్‌లో అట్టపెట్టె మీద గంటకి 3000 లీటర్లు, హెడ్ 3 మీటర్లు అని చూసి కొనేశాను. సైన్స్ టీచర్ని! ఆ రెండూ ఒక్కసారి దొరకవు. ఎత్తు సున్నా అయితే 3000 లీటర్లు, మూడు మీటర్ల ఎత్తు పెడితే ఒక్క చుక్క రాదు. మధ్యలో ఎంతొస్తుందో కొలుచుకోవాలి. మా బండ నాలుగున్నర అడుగులు. పదిహేను లీటర్ల బకెట్టు పైన పట్టుకుని సెల్‌ఫోన్లో సెకన్లు చూస్తే ముప్పైకి నిండింది. అంటే గంటకి 1800 లీటర్లు.

నీళ్లు దూకే అంచుని మాత్రం మేస్త్రీతో అడుగున్నర వెడల్పు పెట్టించాను, తెరలా పడుతుందని. మొదటిసారి స్విచ్చి వేస్తే తెర లేదు, ధార లేదు. గోడ చెమర్చినట్టు బండ తడిసింది. మావారు టీ తాగుతూ, "ఇదేనా జోగ్?" అన్నారు. తెరలా పడాలంటే అడుగు అంచుకి గంటకి నాలుగైదు వేల లీటర్లు కావాలని అప్పుడు తెలిసింది. పంపు మార్చాలి, లేదా అంచు తగ్గించాలి. రెండు పక్కలా చిన్న రాళ్లు పెట్టి అంచుని ఐదంగుళాలకి కుదించాం. ఇప్పుడు పడుతోంది. సన్నగానే అయినా నిండుగా.

వారం తిరగకుండా ఇంకో గొడవ. నీటిమట్టం రోజూ రెండు వేళ్లు తగ్గుతోంది. ఎండకి ఆవిరవుతోందా, కారుతోందా? దీనికో చవకైన పరీక్ష ఉంది. కొలను గట్టు మీద నిండు బకెట్టు పెట్టి, పంపు ఆపి, రెండింటిలో మట్టం గీత గీసి ఒక రోజు వదిలేయాలి. రెండూ సమానంగా తగ్గితే ఎండ పని, కొలనులో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టు. మా కొలనూ బకెట్టూ సమానంగానే తగ్గాయి. పంపు వేస్తే మాత్రం కొలను మళ్లీ రెండు వేళ్లు పడిపోయింది. దొంగ కింద లేడు, పైన ఉన్నాడు.

టార్చి వేసి పడుకుని చూశాను. అంచు దాటిన నీళ్లలో కొంత కిందికి దూకకుండా అంచు అడుగు భాగాన్ని పట్టుకుని వెనక్కి పాకి, బండ వెనక మట్టిలోకి జారుతోంది. గిన్నెలోంచి పాలు నెమ్మదిగా వంచితే గిన్నె వెంబడే కారి గట్టంతా తడుస్తుంది చూడండి, అదే. మేస్త్రీకి చూపించగానే నాలుక కరుచుకున్నాడు. సజ్జా కట్టేటప్పుడు దాని అడుగున అంచు పొడుగునా చిన్న గాడి కొడతారు, వాన నీరు గోడకి పాకకుండా. ఆ గాడి ఇక్కడ మర్చిపోయాడు. కట్టర్‌తో అరంగుళం గాడి కోశాడు. పది నిమిషాల పని. నీళ్లు గాడి దాకా వచ్చి, దాటలేక కిందికి దూకాయి.

చేపలు వేద్దామని మనవడు ఒకటే గోల. కొత్త సిమెంటు నీళ్లలో సున్నం వదులుతుంది. లిట్మస్ కాయితం ముంచితే నీలమైంది. బడి నుంచి తెచ్చుకున్న యూనివర్సల్ ఇండికేటర్ ముంచితే ముదురు ఊదా, అంటే పీహెచ్ 11 దగ్గర. చేపలకి ఏడూ ఎనిమిదీ కావాలి. మేస్త్రీ అరటి బోదెలు ముక్కలు కోసి నానెయ్యమన్నాడు. వేశాను. వారానికోసారి నీళ్లు తోడి చెట్లకి పోస్తూ నాలుగుసార్లు నింపాను. ఐదో వారానికి కాయితం ఆకుపచ్చకి దిగింది. బోదె పనిచేసిందో నీళ్లు మార్చడం పనిచేసిందో చెప్పలేను, రెండూ ఒకేసారి చేస్తే అది ప్రయోగం కాదు. బండ మీద పాచి పట్టాలని అతను చిలకరించిన మజ్జిగ సంగతీ అంతే. పాచి పట్టింది, కానీ అప్పటికి జూలై వానలూ వచ్చాయి.

దోమల భయం ఇంటిపక్కవాళ్లది. న్యాయమైన భయమే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన బేగంపేటలోనే. కదిలే నీళ్లలో దోమలు గుడ్లు పెట్టవు కాబట్టి భయం లేదని నేను వాదించాను. ఓడిపోయాను. బండ వెనక మేస్త్రీ ముచ్చటపడి చెక్కిన రెండు గుంటల్లో వాన నీళ్లు నిలిచి, వాటిలో పురుగులు తోకలాడిస్తున్నాయి. డెంగీ దోమకి చారెడు మంచినీళ్లు చాలు, వారం పది రోజుల్లో రెక్కలొస్తాయి. గుంటల్ని సిమెంటుతో పూడ్పించాను. కొలనులో గప్పీలు పది వేశాను. వీటిని తెల్లదొరల కాలంలోనే దోమల కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చారు. గంబూసియా చేపని ఉచితంగా ఇస్తామన్నారు కానీ అది కప్ప పిల్లల్ని కూడా వదలదు, నాకు కప్పలు కావాలి. నెత్తిన తెల్లచుక్క మెరిసే మన చెరువు చేప దొరికి ఉంటే అదే వేసేదాన్ని. ఒకటి గుర్తుంచుకోవాలి. గప్పీలైనా మొక్కలైనా ఎక్కువైపోయాయని తీసుకెళ్లి చెరువులో వదలకండి. గుర్రపుడెక్క అందానికని తెచ్చిన మొక్కే. మన చెరువుల మీద ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం.

మొదట పదే వేయడానికి కారణముంది. చేపల వ్యర్థంలోంచి అమోనియా వస్తుంది. దాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టరులోని గులకరాళ్ల మీద కాపురం పెట్టడానికి నెల పైనే పడుతుంది. వాటికి గాలి ఆడే నీళ్లు రాత్రీ పగలూ అందాలి, కాబట్టి పంపు ఆపకూడదు. అరవై వాట్ల పంపు రోజంతా తిరిగితే యూనిట్టున్నర. మావారి బాధ కరెంటు కాదు. రాత్రిళ్లు ఆ చప్పుడు వింటుంటే రెండుసార్లు లేవాల్సి వస్తోందట. పడుకునే ముందు వాల్వు సగం తిప్పేస్తారు. కరెంటూ నీళ్లూ ఒకే చోట ఉన్నాయి కదా, కరెంటు లీకైతే ఆపేసే ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించకుండా మాత్రం స్విచ్చి వేయొద్దు. మిగతా వాటిలో బేరమాడండి, దీంట్లో వద్దు.

ఖర్చు కంటే నీళ్ల లెక్కే నన్ను ఇబ్బంది పెట్టింది. మే నెలలో స్కేలు పెట్టి చూస్తే రోజుకి సెంటీమీటరు దాకా ఆవిరైంది. మా కొలనుకి నలభై ఐదు లీటర్లు, మూడు బకెట్లు. వీధి చివర ట్యాంకరు కోసం డ్రమ్ములు వరసన పెట్టి ఉంటే, నేను గుమ్మం లోపల నీళ్లు దూకిస్తూ కూర్చోవడం ఏం బాగుంటుంది? ఇప్పుడు డాబా వాన నీళ్లు రెండు డ్రమ్ముల్లో పట్టి వాడుతున్నాను. చాలవు. ఏప్రిల్, మే నెలల్లో కొలను సగానికి దించేస్తాను. కలువ ఆకులు సగం నీళ్లని కప్పేస్తే పాచీ తగ్గుతుంది, ఆవిరీ తగ్గుతుంది. బోరు నీళ్లు పోస్తే బండ మీద తెల్ల పొర కడుతుంది. గ్రానైటు కింద నీళ్ల కాఠిన్యం అది. ఆర్‌ఓ వదిలే నీళ్లు పోద్దామనుకునేరు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

పికిలి పిట్టలు పొద్దున ఆరున్నరకి వస్తాయి, స్నానానికి. ఒక లకుముకి పిట్ట నా గప్పీల్ని లెక్కపెట్టుకుంటోంది.

మొన్న రాంపల్లి దారిలో ఇల్లు కట్టుకుంటున్న తెలిసినాయన మా బండ చూసి, అలాంటిదే పెద్దది కావాలన్నాడు. మేస్త్రీతో పాటు నేనూ వెళ్లాను. జాగాలో వెనక మూలన నిజం గుండు ఒకటుంది, ఆటో అంత. కొట్టేవాళ్లకి గుర్తుగా దాని మీద సున్నంతో గీతలు పెట్టి ఉన్నాయి. ఇంటాయన జలపాతం ఎక్కడ రావాలో ముందు వైపు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. మేస్త్రీ వినడం లేదు. గుండు చుట్టూ తిరిగి, అరచేత్తో రెండు చోట్ల తట్టాడు. మా ఇంట్లోది తడితే డబ్బాలా మోగుతుంది. ఇది మోగలేదు. చెప్పులు విడిచి పైకెక్కి, చేతిలో ఉన్న తాగే నీళ్ల సీసా మూత తీసి నడినెత్తిన వంచాడు. నీళ్లు కాసేపు ఎటు పోవాలో తెలియనట్టు ఆగి, నల్లచార వెంబడి దిగి, అడ్డపగులు దగ్గర మలుపు తిరిగి, కింది అంచు నుంచి చుక్కలుగా పడ్డాయి.

"ఇక్కడ సిమెంటు పనేం లేదు సార్," అన్నాడు దిగుతూ. "పైపు పెడితే అయిపోతది. నాకే నష్టం."

ఇంటాయన కొట్టేవాళ్లకి ఫోన్ చేసి, సోమవారం దాకా ఆగమన్నాడు.